ఖైదీని వదలడానికి ఖర్చు లెక్క చాలదు: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ప్రొబేషన్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. జీవిత ఖైదు పడిన మనిషిని ముందస్తుగా వదలొచ్చా లేదా అని ఊళ్లకు వెళ్లి విచారించి నివేదిక రాయడం మా పనిలో ఒక భాగం. ఖైదీ ఇంటికీ వెళ్లేవాళ్లం, అతని చేతిలో చనిపోయినవాళ్ల ఇంటికీ వెళ్లేవాళ్లం. చాలాసార్లు ఆ రెండిళ్లూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉండేవి. ఆ రెండు గడపలూ తొక్కినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

జైళ్ల గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వింటున్నాను. ఇంతమందిని లోపల కూర్చోబెట్టి మేపడం దండగ, కొంతమందిని ముందే పంపించేస్తే ఖజానాకు మిగులుతుంది కదా అంటారు ఒకరు. మన పన్నుల డబ్బుతో హంతకులకు ఆదివారం కోడికూర పెట్టడమేంటి అంటారు ఇంకొకరు. టీవీ చర్చల్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు గానీ ఇద్దరూ ఖర్చు చుట్టూనే తిరుగుతుంటారు. ఆ ఖర్చు లెక్కను ఆధారం చేసుకుని మీరు ఎవరినీ వదలొద్దు, ఎవరినీ ఆపొద్దు. నా మనవి ఇంతే. ముందస్తు విడుదలకు నేను వ్యతిరేకిని కాను. పద్నాలుగేళ్లు లోపల ఉన్న మనిషి ససేమిరా మారడు అని తేల్చేసేవాళ్లలో ఎక్కువమంది ములాఖత్ గది కూడా చూడనివాళ్లే.

ఖర్చు సంగతే ముందు చూద్దాం. రాష్ట్రాల పోలీసు, కోర్టు, జైళ్ల పనితీరును బేరీజు వేసే ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025లో వచ్చింది. దాని ప్రకారం 2022-23లో ఒక్కో ఖైదీ మీద దేశ సగటు ఖర్చు ఏడాదికి రూ.44,110. అంటే రోజుకు రూ.121. మన రాష్ట్రంలో అది ఏడాదికి రూ.2,67,673. రోజుకు ఏడొందల పైచిలుకు. దేశంలో ఇదే అత్యధికం. ఈ అంకె దొరికాక లెక్క కట్టడం చాలా సులువు. వెయ్యి మందిని వదిలితే ఏడాదికి దాదాపు 27 కోట్లు మిగులు! గుణకారంలో తప్పేమీ లేదు. జైల్లో మాత్రం లెక్క అలా నడవదు.

ఒక బ్యారక్‌లో అరవై మంది ఉన్నారనుకోండి. అందులో ఐదుగురిని వదిలారు. ఆ సాయంత్రం లెక్కింపు అయ్యాక తాళం వేయడానికి అదే వార్డర్ రావాలి. వాచ్ టవర్ మీద అదే మనిషి నిలబడాలి. వంటశాలలో అవే పొయ్యిలు, జైలు ఆస్పత్రిలో అదే డాక్టరు, అదే కాంపౌండరు. తగ్గేది ఆ ఐదుగురి బియ్యం, పప్పు, సబ్బులు, మందులు. జీతాలు తగ్గవు, గోడ పొడవు తగ్గదు. ఖర్చు నిజంగా తగ్గాలంటే ఒక బ్యారక్ మొత్తం ఖాళీ కావాలి, లేదా ఒక సబ్ జైలు మూతపడి అక్కడి సిబ్బంది ఇంకోచోటికి వెళ్లాలి. పది మందిని ఇక్కడా పది మందిని అక్కడా వదిలితే ఆ పని జరగదు. కాబట్టి ముందుగా మీ శాఖ ఆ రెండు లక్షల అరవై ఏడు వేల ఆరు వందల డెబ్బై మూడు రూపాయల్లో తిండి ఎంత, వైద్యం ఎంత, జీతాలు ఎంత, కట్టడాలు ఎంత అన్నది విడమరిచి ప్రకటించాలి. అది బయటపెడితే సగం చర్చ దానంతటదే చల్లబడుతుంది.

జైలు పద్దులోకి రాని ఖర్చు ఇంకొకటి ఉంది. ప్రతి వాయిదాకూ విచారణ ఖైదీని కోర్టుకు తీసుకెళ్లేది ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుళ్లు. ఎస్కార్ట్ దొరకలేదంటే ఆ రోజు వాయిదా మళ్లీ వాయిదా. వాళ్ల జీతం, డీజిల్, పోయిన రోజు, ఇవన్నీ పోలీసు శాఖ ఖాతాలో ఉంటాయి. వీడియోలో హాజరు పరచడం వచ్చాక కొంత తగ్గింది, నిజమే. కానీ సాక్షుల విచారణ రోజున మనిషి కోర్టులో ఉండాల్సిందే అని పట్టుబట్టే న్యాయవాదులున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

ఇక అసలు విషయం. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉండాల్సిన చోటు 4,36,266 మందికి. ఆ ఉన్నవాళ్లలో 4,34,302 మంది, అంటే నలుగురిలో ముగ్గురు, ఇంకా నేరం రుజువు కానివాళ్లు. మన రాష్ట్రంలోనూ సగానికి మించి వాళ్లే. జైళ్లు ఖాళీ చేద్దాం, ఖర్చు తగ్గిద్దాం అన్న మాట రాగానే అందరి కళ్లూ జీవిత ఖైదీల మీదికే పోతాయి. ఎందుకంటే ఆగస్టు 15న, జనవరి 26న గేటు బయట కెమెరాలు నిలబడేది వాళ్ల కోసమే. రిమాండ్ ఖైదీ బయటికొస్తే ఫొటో తీసేవాడు ఉండడు.

బెయిల్ వచ్చీ బయటికి రాలేనివాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. చిన్న దొంగతనం కేసు. జడ్జిగారు ఇద్దరు జామీనుదారులతో బెయిల్ ఇచ్చారు. కుర్రాడిది ఎక్కడో ఊరు, తల్లి ఇళ్లల్లో పాచిపని చేసుకుంటుంది. జామీను ఉండాలంటే ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్ పుస్తకమో, జీతం సర్టిఫికెట్టో ఉన్న మనిషి కావాలి. అలాంటి మనిషి ఆ తల్లికి ఎవరు తెలుసు? పని చేసే ఇంటి యజమానిని అడిగితే మర్నాటి నుంచి పనిలోకి రావద్దంటాడు. కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్లు ఉంటారని అందరికీ తెలుసు. ఆ డబ్బూ లేనివాళ్లే లోపల మిగిలిపోతారు. అలా మిగిలినవాళ్లను నేను చూశాను. వాళ్లు కోపంగా కూడా ఉండరు. బెయిల్ వచ్చిందని కాగితం చూపిస్తారు, అది జేబులో మడత పెట్టి పెట్టీ చిరుగు పట్టి ఉంటుంది.

దీనికి మందు లేకపోలేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఉత్తర్వు ఆ రోజో మర్నాడో జైలు సూపరింటెండెంట్‌కు ఈమెయిల్‌లో అందాలి. వారం రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. బెయిల్ సొమ్ము కట్టలేనివాళ్లకు రూ.40,000 దాకా, జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయినవాళ్లకు రూ.25,000 దాకా ప్రభుత్వమే కట్టేలా 2023లో ఆ పథకం పెట్టారు. చాలా రాష్ట్రాలు ఆ డబ్బు వాడుకోవడం లేదని కేంద్ర హోం శాఖే తర్వాత లేఖలు రాయాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో ఎన్ని జిల్లాల కమిటీలు కూర్చున్నాయి, ఎంతమంది పేర్లు పంపాయి, ఎంతమంది గేటు దాటారు? రోజుకు ఏడొందలు పెట్టి ఒక మనిషిని రెండు నెలలు లోపల ఉంచామంటే అప్పటికే ఆ నలభై వేలు దాటిపోయినట్టు. ఖర్చు లెక్క ఇష్టపడేవాళ్లకు ఈ లెక్క ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు.

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవాళ్లు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు ఇప్పటికే లోపల గడిపేస్తే వదలాలి, మిగతావాళ్లను సగం గడిపితే బెయిల్ మీద పంపాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. 2024 జూలైకి ముందు పెట్టిన కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఏడాది ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. మంచి సెక్షనే. కానీ మన రాష్ట్రానికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. విశాఖ కేంద్ర కారాగారంలో ఎక్కువమంది గంజాయి కేసులవాళ్లు. అందులో సరుకు సొంతదారులెంతమంది? కొండ మీంచి సంచి మోసుకొచ్చి రోడ్డు దగ్గర దించితే ఇంత అని మాట్లాడుకుని పట్టుబడ్డ ఏజెన్సీ కుర్రాళ్లు, ఆటో నడిపినవాళ్లు ఎంతమంది? ఇరవై కిలోలకు మించి దొరికితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష. బెయిల్ రావడం గగనం. ఇరవై ఏళ్లలో మూడో వంతు అంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు. అంటే 479 కింద వాడికి ఊరట రావాలంటే ఏడో ఏడు రావాలి.

ఇక్కడ క్షమాభిక్ష పనికిరాదు, శిక్షే పడలేదు కదా క్షమించడానికి. ఇక్కడ కావాల్సింది ల్యాబ్ రిపోర్టులు తొందరగా రావడం, ఛార్జిషీట్లు వేళకు పడటం, ప్రత్యేక కోర్టుల్లో జడ్జి కుర్చీ ఖాళీగా ఉండకపోవడం. గంజాయిని అరికట్టడం మీ ప్రభుత్వానికి ప్రతిష్ఠాత్మకం అని నాకు తెలుసు, అరికట్టాల్సిందే కూడా. మోసినవాడిని ఏడేళ్లు రిమాండ్‌లో ఉంచి, మోయించినవాడి పేరు ఛార్జిషీట్‌లో 'పరారీలో ఉన్నాడు' అని రాసుకుంటే అరికట్టినట్టు కాదు.

శిక్ష పడినవాళ్ల దగ్గరికి వద్దాం. జనంలో ఒక పాతుకుపోయిన నమ్మకం ఉంది. జీవిత ఖైదు అంటే పద్నాలుగేళ్లు, తర్వాత గేటు తీస్తారు అని. జీవిత ఖైదు అంటే బతికున్నంత కాలం. 1978లో పాత సీఆర్‌పీసీలో చేర్చిన 433ఏ సెక్షన్ ప్రకారం, ఇప్పుడు కొత్త చట్టంలో 475, మరణశిక్ష కూడా పడదగ్గ నేరంలో జీవిత ఖైదు పడితే కనీసం పద్నాలుగేళ్లు లోపల ఉన్నాకే ప్రభుత్వం రెమిషన్ (శిక్ష తగ్గింపు) మీద వదలొచ్చు. ఆ కనీసాన్నే జనం గరిష్ఠం అనుకుంటున్నారు. గవర్నరుకు రాజ్యాంగం 161వ అధికరణ ఇచ్చిన అధికారం వేరు, దానికి ఆ పద్నాలుగేళ్ల కట్టు లేదు. ఆ అధికారం కూడా మంత్రివర్గం సలహా మీదే నడుస్తుంది. అందుకే ఉత్తరం గవర్నరుకు కాక మీకు రాస్తున్నాను.

ఆ అధికారాన్ని బాగా వాడిన సందర్భం మన దగ్గరే ఉంది. 2020 నవంబరులో జీవిత ఖైదు అనుభవిస్తున్న 53 మంది మహిళలను ఈ రాష్ట్రం వదిలింది. పూచీకత్తు బాండు, మధ్యమధ్య పోలీసు స్టేషన్‌లో హాజరు లాంటి షరతులు పెట్టింది. అప్పుడు ఎవరూ ఖజానాకు ఎంత మిగిలిందని అడగలేదు. వాళ్లలో చాలామందికి పిల్లలున్నారు, అది చాలింది.

చెడుగా వాడిన సందర్భమూ మన దగ్గరే ఉంది. 2006 అక్టోబరులో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు మన ప్రభుత్వం ఇప్పించిన క్షమాభిక్షను కొట్టేసింది. ఆ కోర్టుకెక్కింది హతుడి కొడుకు. విడుదలైనది రాజకీయ పలుకుబడి ఉన్న మనిషి. ఆయన ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని విచారణ నివేదికలో రాసిన మాటను కోర్టు ఎత్తిచూపి మరీ తప్పుపట్టింది. నేను చేసిన ఉద్యోగం అది కాబట్టి ఆ తీర్పు చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. నివేదికలు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. పై నుంచి ఫోన్ వస్తే 'ఊళ్లో శాంతిభద్రతలకు భంగం కలగవచ్చు' అన్న వాక్యం 'కలిగే అవకాశం కనిపించలేదు' అయిపోతుంది. అదే సంతకం, అదే స్టాంపు, మధ్యలో కొన్ని వారాల తేడా.

జి. కృష్ణయ్య గారిని తెలుగువాళ్లు ఇంకా మరిచిపోలేదు. పాలమూరు నుంచి కష్టపడి చదువుకుని ఐఏఎస్ అయి, బిహార్‌లో గోపాల్‌గంజ్ కలెక్టరుగా ఉండగా 1994 డిసెంబరు 5న ముజఫర్‌పూర్ దగ్గర గుంపు చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కేసులో శిక్ష పడిన మాజీ ఎంపీ ఆనంద్ మోహన్ 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చారు. అంతకు రెండు వారాల ముందు బిహార్ ప్రభుత్వం జైలు నిబంధనల్లోంచి, విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని చంపినవాళ్లను మినహాయించే మాటను తీసేసింది. ఆయనతో పాటు ఇంకా కొంతమందినీ ఆ ఉత్తర్వులో కలిపారు. జాబితా పొడుగ్గా ఉంటే అందులో ఒక పేరు కనబడదని కాబోలు. కృష్ణయ్య గారి భార్య హైదరాబాద్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పండగకి చీరలు పంచినట్టు జాతీయ దినాలకు మూకుమ్మడి విడుదలలు పెట్టుకుంటే ఇలాంటి పేర్లు దూర్చడానికి వీలుంటుందనే నా భయం.

ఖర్చు కోసం, చోటు కోసం హడావుడిగా వదిలితే ఏమవుతుందో బయటి దేశాల్లోనూ చూశాం. 2009లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం డబ్బు కలిసొస్తుందని, ఎవరికీ చెప్పకుండా ఖైదీలను కొన్ని వారాల్లోనే బయటికి పంపడం మొదలుపెట్టింది. పత్రికల్లో వచ్చేసరికి గవర్నరు ఆ పద్ధతిని ఆపేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో జైళ్లు నిండిపోయి 2024 సెప్టెంబరులో శిక్షలో సగానికి బదులు నలభై శాతానికే వదలడం మొదలుపెట్టారు. తొలి రోజే దాదాపు 1,700 మంది బయటికొచ్చారు. అందులో 37 మందిని పొరపాటున వదిలేశారని తర్వాత తేలింది. మాజీ భార్యల జోలికి వెళ్లొద్దన్న ఉత్తర్వుల్లాంటివి మీరినవాళ్లు వాళ్లు. పొరపాటు కంప్యూటరుది కావచ్చు, నిద్ర పట్టనిది మాత్రం ఆ ఆడవాళ్లకు.

బాధితుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఒక ఊళ్లో భర్తను పోగొట్టుకున్న ఆవిడ దగ్గరికి విచారణకు వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. వచ్చిన పని చెప్పాను. చేతిలో పని ఆపలేదు. "వదలడం వదలకపోవడం మీ ఇష్టం బాబూ. వదిలితే మాత్రం ముందు నాకు కబురు చెయ్యండి. సంతలో ఎదురుపడి తెలుసుకునేలా చెయ్యొద్దు" అంది. ఆవిడ అడిగిన ఆ చిన్న పని చేయమని ఏ అధికారికీ రాతపూర్వకంగా చెప్పినట్టు నా సర్వీసులో నేను చూడలేదు. నివేదికలో ఆవిడ మాట రాశాను. పైన దాన్ని ఎవరు చదివారో తెలియదు.

ఖైదీ వైపు కూడా చూడండి. పద్నాలుగేళ్లు, పదహారేళ్లు తర్వాత బయటికొచ్చిన మనిషి చేతిలో ఒక సంచి, జైల్లో చేసిన పనికి కూడిన నాలుగు డబ్బులు. రేషన్ కార్డులో పేరు ఎప్పుడో తీసేశారు. ఆధార్ లేదు, లేదా ఉన్న నంబరుకు ఫోన్ లేదు. ఆధార్ లేక పింఛను లేదు, బ్యాంకు ఖాతా లేదు, లాడ్జిలో గది కూడా ఇవ్వరు. అన్నదమ్ములు పొలం పంచేసుకున్నారు. కూతురికి పెళ్లయింది, అల్లుడికి మామగారి సంగతి చెప్పలేదు. ఇలాంటి మనిషిని గేటు బయట దించేసి ఇంత మిగిలిందని చెప్పుకుంటే, మిగిలిందేమీ లేదు, ఖర్చు ప్రభుత్వం మీంచి ఆ ముసలి తల్లి మీదికి మారింది. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇస్తున్నారు. 2024 జూలైలో అక్కడ 213 మందిని వదిలినప్పుడు కూడా కొంతమందికి అలా పని చూపించారు. మనకూ అనంతపురంలో ఆరుబయలు జైలు ఉంది, పొలం పని తెలిసిన ఖైదీలు ఉన్నారు. విడుదలకు ముందు ఆఖరి కొన్ని నెలలు ఆధార్, బ్యాంకు ఖాతా, ఇంటితో మాట్లాడించడం, ఒక పని చూపించడం, వీటికి పెట్టే డబ్బు పెద్దదేం కాదు. దానికి కావాల్సింది ప్రొబేషన్ సిబ్బంది. ఆ కుర్చీలే ఖాళీగా ఉంటే ఎవరు చేస్తారు?

2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు మీ పని కొంత తేలిక చేసింది. విడుదల విధానం ఉన్న రాష్ట్రం, అర్హత వచ్చిన ఖైదీ దరఖాస్తు పెట్టుకునే దాకా ఆగకుండా తనంతట తానే పరిశీలించాలని చెప్పింది. వదిలినా, వదలకపోయినా కారణం రాయాలంది. షరతులు సబబుగా ఉండాలంది. అలా చేస్తే జాతీయ దినాల కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎవరి తేదీ వాళ్లకు వస్తుంది, ఎవరి ఫైలు వాళ్లకు కదులుతుంది. పెద్దవాళ్లు మధ్యలో దూరడానికి చోటూ తగ్గుతుంది.

కాబట్టి మీ శాఖ వెబ్‌సైట్‌లో మూడు నెలలకోసారి ఒక పట్టిక పెట్టించండి. ఈ మూడు నెలల్లో ఎంతమందికి అర్హత వచ్చింది, ఎంతమందిని వదిలారు, ఎంతమందికి కాదన్నారు, ఏ కారణంతో. వదిలిన ప్రతి కేసులో బాధిత కుటుంబానికి ముందుగా కబురు వెళ్లిందా లేదా అన్న గడి కూడా అందులో ఉండాలి. దాని పక్కనే బెయిల్ వచ్చి వారం దాటినా లోపలే ఉన్నవాళ్ల సంఖ్య, జైలు వారీగా. మొదటి పట్టికకు వచ్చే జనవరి దాకా ఆగొద్దు. విశాఖ, రాజమహేంద్రవరం, నెల్లూరు, కడప, నాలుగు కేంద్ర కారాగారాల సూపరింటెండెంట్ల దగ్గర ఈ వివరాలన్నీ ఈ రోజుకీ ఉంటాయి. అడిగితే సాయంత్రానికి వస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రొబేషన్ అధికారి,
రాజమహేంద్రవరం